ఇంట్లో కూడా అదే అంటున్నారు

ధనకోటి గారికి యాభై ఆరేళ్ళు. ఈ యాభై ఆరేళ్ళలో ఆయన ఒక్క మాట కూడా సొంతంగా అన్న పాపాన పోలేదు. ఆయన నోట ఏ మాట వచ్చినా, అది ఎవరిదో, ఎప్పుడన్నారో, అన్నవాళ్ళు గట్టిగా అన్నారో నసుగుతూ అన్నారో చెబితే గానీ ఆయనకు ముద్ద దిగదు. వాన వస్తుందా సార్ అని అడిగితే తల ఎత్తి మబ్బు వంక చూడరు. "వస్తుందని నిన్న టీవీ సూచించింది. రాదని ఈపొద్దు ఎలుమలై వాదించినాడు," అంటారు. ఎలుమలై ఆ వీధిలో పాలు పోసే మనిషి. అడిగినవాడు టీవీ పక్షం చేరాలో, ఎలుమలై పక్షం చేరాలో తేల్చుకునే లోపల తడిసి ముద్దవుతాడు.

ఇది జబ్బు కాదు, ఉద్యోగం. తిరువళ్ళూరులో ఒక ప్రైవేటు కాలేజీలో ఆయన ఇంగ్లీషు చెబుతారు. అందులోనూ ఒక్క పాఠానికి ఆయన పెట్టింది పేరు. ఇంగ్లీషులో పెద్ద పెద్ద వ్యాసాలు రాసేటప్పుడు ఇతరుల వాదనను ఎట్లా ప్రవేశపెట్టాలి, దాన్ని చెడగొట్టకుండా ఎట్లా అప్పజెప్పాలి అన్నదే ఆ పాఠం. ముందు అన్నవాళ్ళ పేరు రాయాలి. పక్కన బ్రాకెట్లో సంవత్సరం వెయ్యాలి. ఆ తర్వాత వాళ్ళు వాదిస్తున్నారా, సూచిస్తున్నారా, ఒప్పుకుంటున్నారా, ఊరికే చెప్పుకుంటున్నారా అన్నది చూసి తగిన క్రియాపదం తగిలించాలి. తక్కిన లెక్చరర్లు సాయంత్రం కాగానే పాఠాన్ని కాలేజీలో వదిలేసి రైలెక్కుతారు. ధనకోటి గారు దాన్ని టిఫిన్ క్యారియర్‌తో పాటు తిరుత్తణిలోని ఇంటికి మోసుకొస్తారు.

ఒకసారి మోకాలు పట్టేసి డాక్టరు దగ్గరికి వెళ్ళారు.

"యాడ నొప్పి?" అన్నాడు డాక్టరు.

"నొప్పిగా ఉందని కుడి మోకాలు ఆరోపిస్తా ఉంది సార్."

"మోకాలి సంగతి సరే. మీకు నొప్పి ఉందా, లేదా?"

"నేనింకా ఏ పక్షమూ తీసుకోలేదు సార్. మెట్లు దిగేటప్పుడు మాత్రం మోకాలి వాదనలో బలం ఉన్నట్టు తోస్తుంది."

డాక్టరు మోకాలికి మాత్రలు రాసి, తన తలకు అమృతాంజనం రాసుకున్నాడు.

రైల్లో కథ ఇంకా బాగుంటుంది. ఒక పెద్దమనిషి సంచీ ఒళ్ళో పెట్టుకుని, "ఈ బండి తిరువాలంగాట్లో నిలుస్తుందా అన్నా?" అని అడిగాడు. "నిలుస్తుందని టైంటేబుల్ చెప్తా ఉంది," అన్నారు ధనకోటి గారు. "పోయిన శుక్రవారం నిలవలేదని పచ్చయ్యప్ప ఫిర్యాదు. అయితే ఆ దినం పచ్చయ్యప్ప కూర్చున్నచోటే నిద్రపోయినాడని వాళ్ళ తమ్ముడే ఒప్పుకుంటా ఉండాడు. కాబట్టి..." ఆ 'కాబట్టి' దాటి బయటపడేసరికి బండి తిరువాలంగాట్లో నిలవడమూ అయింది, కదలడమూ అయింది. పెద్దమనిషి అరక్కోణంలో దిగి, నమస్కారం కూడా పెట్టకుండా వెనక్కి వెళ్ళే బండి ఎక్కాడు.

వినేవాళ్ళకు ఇదంతా నవ్వులాట. ఆయన భార్య వనజాక్షికి మాత్రం కడుపుమంట. ఒకరోజు మంట, రెండురోజుల మంట కాదు, పెళ్ళయిన ఇరవై తొమ్మిదేళ్ళుగా ఆరని మంట. అసూయ అనండి, ఏడుపు అనండి, ఆమె ఏమీ అనుకోదు. ఆమె బాధ ఆమెది.

ధనకోటి గారి దగ్గర లోకంలో అందరికీ పేరుంది. ఎలుమలైకి పేరుంది. రైల్లో నిద్రపోయే పచ్చయ్యప్పకు పేరుంది. ఎప్పుడో పోయిన ఇంగ్లీషు దొరలకైతే పేరూ, ఇంటిపేరూ, సంవత్సరమూ, పేజీ నంబరూ కూడా ఉన్నాయి. వనజాక్షికే ఏమీ లేదు. ఆమె ఏ మాట చెప్పినా ఆయన బయటికి పోయి, "ఇంట్లో అంటా ఉండారు," అంటారు. అంతే. ఇంట్లో! ఎవరింట్లో, ఏ గదిలో, తలుపు అన్నదా కిటికీ అన్నదా అని అడిగే నాథుడు లేడు.

ఆ పక్కల భార్యను పేరు పెట్టి చెప్పడం మర్యాద కాదు. ఇంట్లో అడిగి చెప్తాననీ, ఇంట్లో ఊరికి పోయినారనీ అనడం వీధి వీధంతా ఉన్న అలవాటే. పక్కింటి వళ్ళియమ్మ మొగుడు తమిళంలో అట్లాగే అంటాడు. వళ్ళియమ్మకు చీమ కుట్టినట్టయినా ఉండదు. ఎందుకుంటుంది? ఆమె మొగుడు ఎవరి పేరూ చెప్పడు. వనజాక్షి మొగుడో, లోకంలో అందరికీ పేర్లు పంచిపెట్టి, ఆమె వంతు వచ్చేసరికి ఇల్లు చూపిస్తాడు.

"మాట నాది. పేరు గోడలకా బావా?" అని ఆమె ఒకసారి నిలదీసింది. ధనకోటి గారు ఆమె మేనత్త కొడుకే. అందుకని బావా అంటుంది.

"మర్యాద గదమ్మే అది."

"అయితే ఎలుమలైకి మర్యాద లేదా?"

"తనకేం అభ్యంతరం లేదని పోయిన నెల ఎలుమలై..."

వనజాక్షి చేతిలోని గరిటె ఠప్పున పెట్టి లోపలికి పోయింది.

ఇట్లా రగులుతున్న మంటలో రెండేళ్ళ కిందట భార్గవి వచ్చి పడింది. భార్గవి కాలేజీలో కొత్తగా చేరిన లెక్చరరు. మద్రాసులో పీహెచ్‌డీ చేసింది. ఆమె చేరిన నాటి నుంచి ధనకోటి గారి మాటల్లో ఎలుమలై తగ్గిపోయి భార్గవి పెరిగిపోయింది. "కాఫీలో చిక్కరీ తగ్గిస్తే ఒంటికి మేలని భార్గవి సూచిస్తా ఉంది," అన్నారొక పొద్దున. మర్నాటి నుంచి వనజాక్షి చిక్కరీ రెట్టింపు చేసింది. "నడక మంచిదని భార్గవి సూచిస్తా ఉంది." వనజాక్షి ఆయన చెప్పులు దాచిపెట్టింది. సూచిస్తా ఉంది, సూచిస్తా ఉంది! అసలా మాట వింటేనే ఆమెకు ఒళ్ళు మండేది. ఎంత ముద్దుగా ఉందమ్మా, సూచించడం! ఇంట్లో ఉండేవాళ్ళు మాత్రం ఉత్తినే అంటారు.

కాలేజీ వార్షికోత్సవం ఫొటో ఒకటి ఇంటికొచ్చింది. అందులో భార్గవికి నడుము దాటిన జడ, జడ నిండా మల్లెపూలు. వనజాక్షి ఆ ఫొటోను బియ్యం డబ్బా వెనక పడేసి, రోజుకు రెండుసార్లు తీసి చూసింది. వారం చూశాక అది సవరమని తీర్పు చెప్పుకుంది. తీర్పు చెప్పుకున్నాక కూడా ఇంకో వారం చూసింది.

ఆయన పాఠం కాగితాలన్నా ఆమెకు మంటే. ఇంటి నిండా కట్టలు కట్టలు. పిల్లలకు పంచగా మిగిలినవి, ఒకవైపే అచ్చు. పదో తరగతి దాకా తమిళంలో చదివిన వనజాక్షి ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదవగలదు గానీ, ఆ కాగితాలు చదవాలని ఒక్కనాడూ అనుకోలేదు. వాటిలో ఉండేది ఆ దొరలూ, ఈ భార్గవులే గదా! పాతబడ్డ కట్టను వంటింట్లోకి లాక్కొచ్చి, సిరా అంటకుండా తెల్లవైపు పైకి పరిచి, దాని మీద వేడివేడి వడలు తీసి వేసేది. నూనె చుక్కచుక్కగా కిందికి ఇంకుతుంటే, దొరల నెత్తిన పోసినంత తృప్తిగా ఉండేది.

కొండ మీది మురుగన్‌కు ఆడికృత్తిక పండగ వచ్చింది. ఆ రోజుకు తిరుత్తణి ఊరు ఊరుగా ఉండదు. ఎక్కడ చూసినా పసుపు బట్టలు, భుజాల మీద కావళ్ళు, అరోహరా అన్న కేక. దానికి మూడు రోజుల ముందు భార్గవి ఫోను చేసింది. కొండ మీద మొక్కు తీర్చుకోవాలట. ఒక స్టూడెంటుని వెంటబెట్టుకుని వస్తుందట. దర్శనం కాగానే సార్ ఇంటికొచ్చి అన్నం తిని పోతుందట.

వనజాక్షి మజ్జిగ చిలుకుతూ, "ఏడుకంతా మెట్లెక్కేయమను బావా. కావిడి జనం దిగబడితే సాయంత్రమైనా సామి కనబడడు," అన్నది. మంచి మాట. ఎవరి మీద ఎంత మంట ఉన్నా మంచి మాట దాచుకునే మనిషి కాదామె. ధనకోటి గారు ఫోనులో ఆ మాట చెప్పబోయేంతలో అవతల భార్గవి కూడా ఏడు గంటలే అన్నట్టుంది.

"అవునమ్మా, ఏడుకే ఎక్కాలని మీరు సూచించింది సరిగ్గా ఉంది," అన్నారాయన ఫోనులో. "ఇంట్లో కూడా అదే అంటా ఉండారు."

వనజాక్షి చేతిలో కవ్వం ఆగిపోయింది.

కూడా! ముందన్నది తను. నిమిషం ముందు, ఈ నోటితో, ఈ మజ్జిగ సాక్షిగా! ఇప్పుడు మాట భార్గవిది. తను 'కూడా'. ఇన్నాళ్ళూ పేరు లేదనే ఏడ్చింది. ఇప్పుడు ఆ ఉన్న 'ఇంట్లో' వెనక ఒక తోక కూడా మొలిచింది. ఆమె నేరుగా దేవుడి గూటి దగ్గరికి పోయి, మురుగన్ పటం ముందు కర్పూరం వెలిగించింది. ఆ మనిషి నోట తన పేరు వచ్చేదాకా తన నోట మాట రాదని మొక్కుకుంది. చూద్దాం, చెప్పేవాళ్ళు నోరు మూసుకుంటే అప్పజెప్పేవాడు ఏం అప్పజెబుతాడో!

మొదటి పూట ధనకోటి గారికి తెలియలేదు. రెండో పూటకు తెలిసింది. సాంబారులో ఉప్పు సరిపోయిందో లేదో ఆయనకు తెలియడం లేదు. ఎవరూ అనడం లేదు మరి. గొడుగు పట్టుకుని గడపలో నిలబడి, తీసుకుపోవాలో వద్దో తేలక రైలు పోగొట్టుకున్నారు. మర్నాడు వళ్ళియమ్మ పిట్టగోడ మీదుగా తొంగిచూసి, "ఏం సార్, ఈపొద్దు ఏం వంట?" అని అడిగింది. వళ్ళియమ్మది తమిళమే గానీ ఇరవయ్యేళ్ళ ఇరుగుపొరుగులో తెలుగు పట్టుబడింది.

"ఆ విషయంలో వ్యాఖ్యానించడానికి ఇంట్లో నిరాకరించినారమ్మా," అన్నారాయన దిగాలుగా. "వాసనను బట్టి మునక్కాయ అని అంచనా."

లోపల వనజాక్షికి నవ్వు తన్నుకొచ్చింది. కొంగు నోట్లో కుక్కుకుంది. మొక్కు మొక్కే.

"ఏమ్మే, ఒంట్లో బాగలేదా? నా మీద కోపమా? మాట్లాడు. ఏదో ఒకటి అను. తిట్టు పోనీ," అని ఆయన పండగ ముందునాటి సాయంత్రం వంటింటి గుమ్మం పట్టుకుని బతిమాలారు. ఆమె వడలకు పప్పు కడుగుతూ ఉండిపోయింది. ఇంత బతిమాలే నోటికి నాలుగక్షరాల పేరు బరువా అనుకుంది. నిజానికి ఆమెకు భయం కూడా వేసింది. ఈయన జన్మలో అనకపోతే? రేపు ఆ జడ మనిషి వచ్చి కూర్చుంటుంది. ఈయన భార్గవి, భార్గవి అంటూ ఉంటాడు. తను మూగదానిలా వడ్డిస్తూ ఉంటుంది. ఆ మనిషి దృష్టిలో తనూ ఒక గోడే. ఆ తలంపు రాగానే పప్పు ఇంకో గుప్పెడు ఎక్కువ నానబోసింది. ఓడిపోయినా వడ దగ్గర ఓడిపోకూడదు.

పండగనాడు పదకొండింటికి తలుపు చప్పుడైంది. వనజాక్షి పట్టుచీర సర్దుకుని, మొహం గంటు పెట్టుకుని తలుపు తీసింది. ఎదురుగా నున్నటి గుండు. గుండు మీద గంధం. గుండు కింద చెమటలు కారుతూ, ఎండకు కందిపోయి, నవ్వుతున్న మొహం.

"నమస్కారమక్కా. నేను భార్గవిని. మావాడికి డెంగీ వచ్చినప్పుడు మొక్కుకుంటి. ఈపొద్దు చెల్లించేసినా," అన్నది గుండు తడుముకుంటూ.

వనజాక్షికి అంతవరకూ పోగేసుకున్న అసూయను ఎక్కడ తగిలించాలో తెలియలేదు. రెండేళ్ళుగా ఆ జడ పట్టుకునే వేలాడింది గదా. మాట్లాడకూడదు కాబట్టి లోపలికి రమ్మన్నట్టు తలూపి, మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. వెనకే వచ్చిన పిల్ల కవిప్రియ. తిరువాలంగాడు దగ్గర పల్లె, ఆయన క్లాసులో రెండో సంవత్సరం. తమిళ పిల్ల. బెదురు బెదురుగా చాప కొసన కూర్చుంది.

ధనకోటి గారు పరిచయం చేశారు. "ఈమె భార్గవి. ఈ పిల్ల కవిప్రియ. వీళ్ళు..." అని వనజాక్షి వైపు చెయ్యి చూపి, "ఇంట్లో," అన్నారు.

వనజాక్షి ఆయనను ఒక చూపు చూసి, ఆకులు వేసి, పొయ్యి దగ్గర పాత కాగితాల మీద ఆరిన వడలను కాగితంతో సహా పళ్ళెంలో పెట్టి తెచ్చింది. వడ్డించబోతుండగా పిట్టగోడ అవతలి నుంచి వళ్ళియమ్మ గొంతు వీధి అదిరేలా లేచింది.

"వనజాక్షీ! ఏయ్ వనజాక్షీ! కరివేపాకు ఉంటే రెండు రెమ్మలు ఇస్తావా?"

కవిప్రియ చేతిలో గ్లాసు అట్లాగే ఆగింది. కళ్ళు పెద్దవయ్యాయి.

"వనజాక్షియా?" అన్నది. "మేడమ్, మీరా వనజాక్షి?"

వనజాక్షి అవునన్నట్టు తలూపింది.

"నైన్‌టీన్ నైన్‌టీ సిక్స్ వనజాక్షి?"

ఇదెక్కడి గోలరా దేవుడా అనుకుంటూ వనజాక్షి మొగుడి వైపు చూసింది. ఆయన ఆకులోని ఉప్పును దీక్షగా పరిశీలిస్తున్నారు.

"అయ్యో మేడమ్, మీరు బతికే ఉన్నారా!" అని కవిప్రియ తమిళంలో అరిచి, నాలుక కరుచుకుని, లేచి వనజాక్షి కాళ్ళకు దండం పెట్టేసింది. "లండన్‌లో పెద్ద స్కాలరనుకున్నాం మేడమ్. ఎప్పుడో పోయుంటారనుకున్నాం. మా క్లాసంతా మిమ్మల్ని బట్టీ కొట్టినాం. పరీక్షలో మీ మీద అయిదు మార్కులు ఖాయం!"

వనజాక్షికి ఒక్క ముక్క అర్థం కాలేదు. అది గమనించి భార్గవి పళ్ళెంలో వడలను పక్కకు జరిపి, అడుగున ఉన్న కాగితాన్ని లాగి, అచ్చువైపు తిప్పి ఆమె ముందు పెట్టింది. నూనెకు కాగితం అద్దంలా మెరుస్తోంది. పంక్తి పంక్తికీ ఒకే పేరు. వనజాక్షి కూడబలుక్కుంది. వి, ఏ, ఎన్, ఏ... పెళ్ళికి ముందు నోటుపుస్తకం అట్ట మీద రాసుకున్న పేరు. పక్కన బ్రాకెట్లో సంవత్సరం. కింద ఇంకోటి, ఇంకో సంవత్సరం. ఇరవై తొమ్మిదేళ్ళూ ఆమె వేడి నూనె పోసింది తన నెత్తినేనన్నమాట.

"చదువమ్మా కవిప్రియా," అన్నది భార్గవి.

ఆ పిల్ల ఇంగ్లీషులో చదివి తమిళంలో చెబుతూ పోయింది. ఆకలి లేదన్న చుట్టానికి రెండుసార్లు వడ్డించాలని వనజాక్షి, తొంభై ఎనిమిది. మొగుడి చొక్కా జేబు వెతకడం దొంగతనం కాదని, ఉతికే పనిలో భాగమని వనజాక్షి, రెండు వేల రెండు. చెప్పిన మాట విననివాడికి చెప్పడం మానేస్తే వాడే వెతుక్కుంటూ వస్తాడని వనజాక్షి, రెండు వేల పద్నాలుగు. ధనకోటి గారు ఆ చివరిది విని చిన్నగా దగ్గారు.

"ఇంగ్లీషంటే నాకు చచ్చేంత భయం మేడమ్," అన్నది కవిప్రియ. "కాగితం మీద దొర పేరు చూస్తేనే పెన్ను మూసి పెట్టేస్తా. మీ పేరు చూస్తే మా అత్త ఎవరో మాట్లాడినట్టుంటుంది. భయం పోతుంది. ఇది వినండి. అత్తగారి వత్తక్కొళంబు పులుసు తన దానికంటే బాగుంటుందని వనజాక్షి, రెండు వేల ఏడు, ఒప్పుకుంటున్నారు."

"ఒప్పుకున్నానా?"

ఇల్లు దద్దరిల్లింది. మూడు రోజుల మొక్కు గాలికెగిరిపోయింది.

"యాడ ఒప్పుకుంటిని? ఎప్పుడు ఒప్పుకుంటిని? బాగుందని అంటిని, అంతే! మీ అమ్మ ఎదురుగా కూర్చోనుంటే ఇంకేమంటారు ఎవరైనా? అనడానికీ ఒప్పుకోవడానికీ తేడా లేదా? ఇంగ్లీషులో ఇంత అన్యాయంగా రాస్తారా బావా?"

ధనకోటి గారి మొహం వెలిగిపోయింది. మూడు రోజుల తర్వాత ఆయనకు ఒక మాట దొరికింది. జేబులోంచి పెన్ను తీసి, నూనె కాగితం మీద ఆ క్రియాపదాన్ని కొట్టేశారు.

"చూసినావా కవిప్రియా? నేను రెండేండ్లుగా మొత్తుకునేది ఇదే. అన్న మాట ఒకటే. క్రియాపదం మారితే మనిషే మారిపోతుంది. ఒప్పుకున్నారని రాస్తే ఓడిపోయినట్టు. తప్పు నాదే."

"తప్పు నీదేనని నువ్వు ఒప్పుకుంటా ఉండావా, ఊరికే అంటా ఉండావా?" అన్నది వనజాక్షి.

"ఒప్పుకుంటా ఉండా."

భార్గవి పకపకా నవ్వింది. నవ్వి నవ్వి గుండు మీది గంధం కారిపోతుంటే తుడుచుకుని, "అక్కా, నేనొకటి చెప్పాల," అన్నది. "మీరు ఒప్పుకున్నట్టు రాసింది ఇదొక్కటే. తక్కిన నూటపదీ చూడండి. అన్నిట్లోనూ 'పాయింట్స్ అవుట్' అనే ఉంటుంది. అంటే ఏమో తెలుసునా? ఫలానా వాళ్ళు 'క్లెయిమ్స్' అని రాస్తే, వాళ్ళంటున్నారు గానీ నాకు నమ్మకం లేదని. 'ఆర్గ్యూస్' అంటే వాదించుకుంటా ఉండారు, తేలలేదని. 'పాయింట్స్ అవుట్' అంటే అది నిజమే, మన కంటికి ఆననిది వాళ్ళు ఎత్తి చూపినారని. ఆ మాట సార్ దొరలకు కూడా అంత తేలిగ్గా ఇవ్వరు."

వనజాక్షి వడల పళ్ళెం దగ్గరికి లాక్కుంది. తర్వాత మెల్లగా అడిగింది.

"మరి 'సూచిస్తా ఉంది' అంటే?"

"సజెస్ట్స్. అదా? అది బలం లేని మాటక్కా. నిజమై ఉండొచ్చు, కాకపోనూ వచ్చు. ఎందుకు?"

"ఏం లేదు, ఊరికే," అన్నది వనజాక్షి. రెండేళ్ళ నుంచి ఛాతీలో ఇరుక్కున్న ముల్లు పుటుక్కున ఊడిపోయింది. భార్గవి ఆకులో ఒకేసారి మూడు వడలు పడ్డాయి. "చాలక్కా, ఆకలి లేదు," అన్నది భార్గవి. ఇంకో రెండు పడ్డాయి.

పాయసం దగ్గర భార్గవి సంచీలోంచి ఒక పుస్తకం తీసింది. ఆ పాఠం కాగితాలన్నీ కలిపి కాలేజీ వాళ్ళు వేసిన పుస్తకం, మొదటి కాపీ. నాలుగేళ్ళ కిందటే రావలసిందట. వనజాక్షి ఎవరో స్కాలరు కాదు గదా, ఆ పేరు తీసేసి ఎవరైనా పెద్దవాళ్ళ పేరు పెట్టమన్నారట కమిటీలో. ధనకోటి గారు ససేమిరా అన్నారట. పుస్తకం లేకపోతే ప్రమోషను రాదన్నా వినలేదట.

"పోయినేడు కూడా అదే గొడవ వస్తే సార్ కమిటీలో ఏమన్నారో తెలుసునా అక్కా? 'మా నాయన మునియప్ప నలభై ఏండ్లు మగ్గం మీద చీరలు నేసినాడు. ఒక్క చీర మీదా ఆయన పేరు లేదు. కొట్టోళ్ళ పేరే. నేసినోళ్ళ పేరు చెప్పకుండా నేను ఏదీ అమ్మను' అన్నారు. సార్ తన మాటగా అన్నది నేను విన్నది అదొక్కటే."

మొదటి పేజీ తీసి చూపించింది. తొంభై ఆరులో, పెళ్ళయిన కొత్తలో, పిల్లలకు ఈ పాఠం ఎక్కడం లేదని ధనకోటి గారు ఇంటికొచ్చి తల పట్టుకుంటే, బియ్యంలో రాళ్ళేరుతూ వనజాక్షి ఏదో అన్నదట. "ఇందులో ఏముంది బావా? మనం దినమూ చేసేదే గదా. 'వానొస్తుందంట' అంటాం. వస్తుందని మనం పూచీ పడతామా? అన్నవాళ్ళ నెత్తిన పెడతాం. అరవంలోనూ అంతే, 'వరుమాం' అంటారు. మనం తోకలో ఒక 'అంట' పెట్టి సరిపెడతాం. ఇంగ్లీషోళ్ళు అన్నవాళ్ళను ముందు నిలబెడతారు. అంతే గదా తేడా?" ఆ మాట మీదనే పుస్తకమంతా నిలబడింది. పుస్తకంలో మొట్టమొదటి పదం వనజాక్షి.

ఆమెకు ఆ మాట అన్నట్టే గుర్తు లేదు. పుస్తకం ఒకసారి వాసన చూసి, చెయ్యి తుడుచుకుని మళ్ళీ పట్టుకుని, "ఇందులో నూనె లేదు. బాగుంది," అన్నది.

వాళ్ళు సాయంత్రం బండికి వెళ్ళిపోయాక ఆమె మొగుడి ఎదురుగా వచ్చి కూర్చుంది.

"రాసినావు, సరే. నోటితో ఎందుకు అనవు?"

"సిగ్గమ్మే," అన్నారు ధనకోటి గారు. ఆ మాట ఎవరిదని చెప్పలేదు. "మా అమ్మ ముందర అలవాటు లేకపోయె. తర్వాత నోరు తిరగలేదు. నువ్వు నమ్మవు గానీ, బాత్రూములో కొళాయి తిప్పి దినమూ ప్రాక్టీసు చేస్తా ఉండా. లోపల బాగానే వస్తుంది. బయటికొచ్చేసరికి 'ఇంట్లో' అయిపోతుంది."

ఇరవై తొమ్మిదేళ్ళుగా ఈయన స్నానానికి అరగంట ఎందుకు పడుతుందో వనజాక్షికి ఆ పూట తెలిసింది.

మర్నాడు పొద్దున ఎలుమలై గేటు దగ్గర సైకిల్ బెల్లు కొట్టాడు. ధనకోటి గారు చెంబు పట్టుకుని వెళ్ళారు. వనజాక్షి వంటింటి కిటికీ దగ్గర నిలబడి చెవి అటే పెట్టింది. ఆయన గొంతు సవరించుకున్నారు. ఒకసారి ఆకాశం చూశారు. మెడ దాకా ఎర్రబడ్డారు.

"ఎలుమలై, పాలు ఈ మధ్య పలచబడినాయని... వ... వనజాక్షి ఎత్తి చూపుతా ఉంది."

ఎలుమలై కొలత గ్లాసు క్యాను మీద పెట్టేశాడు.

"వనజాక్షి ఎవరు సార్?" అన్నాడు భయంగా. "మున్సిపాలిటీలో కొత్తగా వచ్చిన ఇన్‌స్పెక్టరమ్మా?"

ధనకోటి గారు నోరు తెరిచారు. మూశారు. మళ్ళీ తెరిచి, వెనక్కి తిరిగి కిటికీ వైపు చూస్తూ, "ఇంట్లో," అన్నారు.

కిటికీలోంచి నవ్వుతో కలిసి ఒక కేక వచ్చింది.

"బావా! సంవత్సరం చెప్పలేదు!"